మానససరస్తీరవాసి శ్రీ ప్రణవానందస్వామివారు

శ్రీమద్రామాయణము బాలకాండమునందు విశ్వామిత్రమహర్షి రామలక్ష్మణులను వెంటగొని పడవపై గంగను దాటు ఘట్టము పాఠకమహాశయులకు సుపరిచితము. పడవ నడియేటికి వచ్చునప్పటికి నీరు నీటితో తాకినట్లు పెద్ద ధ్వని వినవచ్చును. అది యేమని శ్రీరామచంద్రుడు అడుగును. కైలాసపర్వతమునందు బ్రహ్మదేవుడు తన మనస్సుచేత నిర్మించిన సరస్సు కలదనియు, మనస్సునుండి పుట్టినందున దానికి మానసమను పేరు వచ్చినదనియు, ఆ సరస్సునుండి వెలువడి అయోధ్యను ఒరసికొని పారు సరయువు గంగలో కలియుచున్న చప్పుడే యదియనియు మహర్షి సెలవిచ్చును. సోదరులిరువురును ఆ నదులకు నమస్కరింతురు. కైలాసము శివస్థానము గదా, వైష్ణవులమైన మనకు ఆ సరస్సుతో పనియేమి అని యెవరైన అడిగినచో ఈ ఒక్క సర్గము చాలును. శ్రీరాముడు నీరాడిన యేటికి పుట్టినిల్లని మహర్షి చెప్పిన చోటు అది.

ఈ సర్గమును నేను పాఠశాలలో ఎన్ని పర్యాయములు చెప్పితినో లెక్క లేదు. ఒక సంవత్సరము పన్నెండేండ్ల విద్యార్థి యొకడు లేచి, గురువుగారూ, ఆ సరస్సు చుట్టుకొలత యెంత, అందులో బంగారు తామరలు ఇప్పుడును పూయుచున్నవా, హంసలు నిజముగా ఉన్నవా అని యడిగెను. కాళిదాసుని మేఘసందేశమును, హంసలు వానకారున మానసమునకు మరలిపోవుటయను కవిసమయమును ప్రస్తావించి అప్పటికి తప్పించుకొంటిని. వాడు కూర్చుండెను గాని వాని ముఖమున తృప్తి కానరాలేదు. నిజము చెప్పవలెనన్న నాకును తృప్తి లేదు. లేవని చెప్పినచో కవులను, పురాణములను తక్కువచేసినట్లగునేమో యని భయము. ఉన్నవని చెప్పుటకు నేను చూచినవాడను గాను. కొంతకాలమునకు ఒక గ్రంథాలయమునందు శ్రీ ప్రణవానందస్వామివారి గ్రంథము చేతికి దొరకినది. ఆ బాలుని ప్రశ్నలనే తాము వేసికొని, సమాధానములకై ఆ సరస్సు ఒడ్డుననే ఏడాది పొడుగునను కాపురముండిన యతి మన తెలుగువాడే యని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతింతయనరానిది. అట్టి మహనీయుని చరిత్ర మన యాత్రికకుటుంబములలో ఎక్కువమందికి తెలియకుండుట విచారకరము.

స్వామివారు 1896వ సంవత్సరమున గోదావరీమండలమునందు జన్మించిరి. పూర్వాశ్రమనామము కనకదండి వేంకటసోమయాజులు. ఇంటిపేరు, ఒంటిపేరు రెండును వైదికకుటుంబపు వాసన వేయుచున్నవి గాని, ఆయన చదువు మాత్రము ఆ కాలపు ఆంగ్లవిద్యయే. స్వగ్రామమునకు ఎంతయో దూరముననున్న లాహోరు నగరమునకు పోయి అచ్చటి దయానంద ఆంగ్లో వేదిక కళాశాలలో చదివిరి. పిమ్మట అక్కడనే రైల్వే లెక్కల కార్యాలయమున ఉద్యోగము. 1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపునిచ్చినప్పుడు ఆ కొలువు విడిచి స్వదేశమునకు వచ్చి 1926 వరకు పశ్చిమగోదావరి ప్రాంతమున కాంగ్రెసు కార్యకర్తగా తిరిగిరి. లెక్కల పుస్తకము విడిచిరి గాని లెక్కలయందలి నిష్ఠను విడువలేదని మున్ముందు తెలియగలదు.

తరువాత ఆయన మనస్సు హిమాలయములవైపు తిరిగినది. అచ్చట లభించిన గురువు శ్రీ జ్ఞానానందస్వామివారు. ఈ గురుశిష్యుల జంటను గూర్చి ఒక మాట చెప్పక ముందుకు సాగలేను. గురువుగారును గోదావరీతీరమువారే. భీమవరము సమీపమందలి గొరగనమూడి వారి స్వస్థలము, భూపతిరాజువారి వంశము. శిష్యుడు పుట్టిన 1896లోనే గురువును పుట్టినారు! వయస్సు చేత సమానుడైన వానిని గురువుగా స్వీకరించుటకు ఎంత వినయము కావలయునో చదువుకొన్నవారికి తెలియును. ఆ జ్ఞానానందులు హిమాలయములయందు యోగసాధన చేసినపిమ్మట ఐరోపాఖండమునకు పోయి భౌతికశాస్త్రము నభ్యసించి, తుదకు ఆంధ్రవిశ్వవిద్యాలయమునందు పరమాణుకేంద్ర భౌతికశాస్త్రశాఖకు అధిపతులైరి. కాషాయముతోనే ప్రయోగశాలలో ప్రవేశించిన మహానుభావులు. అట్టి గురువుగారి శిష్యుడు సరస్సును చూచి కన్నులు మూసికొని నమస్కరించుటతో తృప్తిపడక, కన్నులు తెరచి కొలుచుటకు కూడ పూనుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

ప్రణవానందులు మొట్టమొదట 1928లో మానససరస్సును దర్శించిరి. అప్పటికి వారికి 32 ఏండ్లు. కాశ్మీరమునుండి లడఖ్ మీదుగా గర్తోక్ చేరి, పడమటి టిబెట్టు బయళ్లను దాటి సాగిన సుదీర్ఘప్రయాణము అది. 1935 నుండి మాత్రము వరుసగా ప్రతిసంవత్సరమును పోసాగిరి. అల్మోడానుండి ధార్చులా, గర్బ్యాంగుల మీదుగా లిపులేఖ్ కనుమ నెక్కి తక్లాకోటునకు దిగు దారి మన దేశపు యాత్రికులలో పెక్కురు నడచిన దారి. అల్మోడానుండి కైలాసమునకు సుమారు 240 మైళ్లు. కనుమ ఎత్తు 16,000 అడుగులకు పైమాట. మోటారుబండి లేదు. కాలినడక, లేదా గుఱ్ఱము, లేదా జడలబఱ్ఱె. దొంగల భయము వేరు.

సరస్సు సముద్రమట్టమునకు సుమారు 14,950 అడుగుల ఎత్తున ఉన్నది. ఉత్తరమున 22,028 అడుగుల కైలాసశిఖరము, దక్షిణమున అంతకంటె ఎత్తైన 25,000 అడుగులు మించిన గుర్లామాంధాత. ఈ రెండింటి నడుమ మంచినీటి సరస్సు. దానికి పడమట కొలది మైళ్ల వెడల్పుగల గుట్టలకు ఆవల రాక్షసతాలమను మరియొక సరస్సు కలదు. మానసము నిండినప్పుడు గంగాఛూ అను చిన్న కాలువగుండ నీరు రాక్షసతాలములోనికి పోవును, తగ్గినప్పుడు ఆ కాలువ ఎండును. అట్లు నీటికి పోవుదారి కలిగియుండుటవలననే మానసజలము తియ్యగా నుండునని తెలిసినవారు చెప్పుదురు. రాక్షసతాలపు నీరు ఉప్పదనము కలది. మానసమునకు చుట్టును ఎనిమిది బౌద్ధమఠములుండెను. దక్షిణపుటొడ్డుననున్న థుగోల్హో మఠమునందు ఒక గది సంపాదించుకొని 1936 నుండి 1937 వరకు సంవత్సరమంతయు స్వామివారు అచ్చటనే యుండిరి. 1943, 44లలో మరల నట్లే నివసించిరి.

యాత్రికులందరును వేసవిలో వచ్చి, మూడునాళ్లుండి, స్నానముచేసి, సీసాలో తీర్థము పట్టుకొని మరలువారే. చలికాలమున ఆ సరస్సు ఏమగునో చూచిన భారతీయుడు అరుదు. స్వామివారు తపస్సునకై యుండిరి. తపస్సు చేయుచునే, రోజును ఎంత చలియున్నదో, గాలి యెటువీచుచున్నదో, సరస్సు రంగు ఎట్లు మారుచున్నదో వ్రాసిపెట్టుకొనుచుండిరి. కార్తికము గడచి మార్గశిరము వచ్చునప్పటికి ఒడ్డువెంట సన్నని మంచు పొరలు కట్టసాగినవి. గాలికి అవి పగిలిపోవుచు, మరల కట్టుచుండెను. అంతకుముందు సముద్రమువలె హోరుమనుచుండిన అలలు 1936 డిసెంబరు చివరివారమున ఒక్కసారిగా అణగిపోయినవి. కన్నుమేర నున్న నీరంతయు గడ్డకట్టినది. నెలలతరబడి చెవులలో నిలిచిన హోరు ఆగిపోయినపుడు కలుగు నిశ్శబ్దము ఎట్టిదో, సముద్రతీరమున పుట్టి పెరిగి ఊరు విడిచి పోయినవారు కొంత ఊహింపగలరు.

ఆ నిశ్శబ్దమును ఎంతోకాలము నిలువలేదు. గడ్డకట్టిన సరస్సు క్రిందినుండి, నడుమనుండి, ఉరుములవంటి ధ్వనులు బయలుదేరినవి. మంచు రెండడుగులనుండి ఆరడుగుల మందమువరకు పేరుకొని, తనలో తాను బిగిసి, ఈ చివరనుండి ఆ చివరకు పగుళ్లు వారినది. పగుళ్లగుండ నీరు ఉబికి మరల గడ్డకట్టి గట్లు గట్లుగా లేచినది. ఏ పగులు ఏ దిక్కున ఏనాడు వచ్చినదో స్వామివారు గుర్తుపెట్టుకొనిరి. వేసవిలో వాగులకును బురదకును దారిమళ్లి 64 మైళ్లు నడువవలసిన ప్రదక్షిణము, శీతకాలమున మంచుమీదుగా ఒడ్డు వెంబడినే చేయవచ్చునని ఇట్లుండి చూచుటచేతనే వారికి తెలిసినది. 1937 వసంతమున గడ్డకట్టిన రాక్షసతాలము మీదుగా నడచి, దాని నడుమనున్న లాచాటో, టోప్సెర్మా అను రెండు దీవులకును పోయివచ్చిరి. కాలిక్రింద మంచు, దాని క్రింద అగాధజలము. వేసవి తొంగిచూచుచున్నది. ఆ నడక తలచుకొనినచో నాకు ఒడలు జలదరించును. మే నెలలో మానసము కరగినది. అలల హోరు మరల వినబడినది.

ఇక ఆ బాలుని ప్రశ్నలకు వత్తము. చుట్టుకొలత 54 మైళ్లని స్వామివారు నిర్ణయించిరి. అంతకుముందు వచ్చిన విదేశయాత్రికులలో కొందరు దీనికి రెండింతలును, మూడింతలును కూడ వ్రాసియుండిరి. అలసిన కాళ్లకు దూరము పెరుగుట సహజము. నేటి కొలతలును సుమారు 88 కిలోమీటర్లనియే చెప్పుచున్నవి గనుక స్వామివారి లెక్కయే నిలిచినది. లోతు సుమారు 300 అడుగులు. ఈ లోతును మొట్టమొదట పడవమీద తిరిగి కొలచినది స్వీడను దేశీయుడైన స్వెన్ హెడిన్, 1907లో. ఆ గౌరవము ఆయనకు ఈయక తప్పదు. తరువాతి కాలమున స్వామివారును ఒక చిన్న పడవను సంపాదించి దానికి గురువుగారి పేరు కలిసివచ్చునట్లు జ్ఞాననౌకయని నామకరణము చేసికొనిరి.

బంగారు తామరలు? లేవు. నీలితామరలు? అవియును లేవు. ముత్యములను గ్రోలు రాజహంసలు లేవు. స్వామివారు ఈ విషయము దాచక, మొగమాటపడక వ్రాసిరి. సరస్సునకు 20కి పైగా ప్రదక్షిణములు చేసినవారు, రెండు శీతకాలములు అచ్చట గడపినవారు లేవని చెప్పినప్పుడు ఇక వాదమునకు చోటులేదు. ఉన్నవేవి? తూర్పుటొడ్డున అయిదు వన్నెలుగల యిసుక, దానిని యాత్రికులు ప్రసాదముగా తెచ్చుకొందురు. అలలకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఎండుచేపలు, వానిని టిబెట్టువారు పిశాచబాధలు పోవుటకు ధూపము వేయుదురు. చేపను చంపుట మాత్రము అచ్చట మహాపాపము. ఇక పక్షులు. వానిలో ఙంగ్బాయని టిబెట్టువారు పిలుచునది ఒకటి కలదు. తెల్లని తలమీద రెండు నల్లని అడ్డచారలు కలిగిన పెద్ద బాతు. ఇది వేసవిలో మానసప్రాంతమున గ్రుడ్లు పెట్టి, చలికాలమున హిమాలయములపైనుండి ఎగిరి మన దేశపు చెరువులకు, దక్షిణాపథమువరకు గూడ, వచ్చి, ఎండలు ముదురునప్పటికి మరల ఉత్తరమునకు పోవుచుండును.

ఇచ్చట నాకు తోచినదొకటి మనవిచేసికొందును. వానకారుకు హంసలు మానసమునకు మరలునని కవులు చెప్పిన మాటలో తామరలు కల్పనయైనను, ప్రయాణము కల్పన కాదు. వానలు రాకముందే చెరువులనుండి ఆ పక్షులు కానరాకుండపోవుటను మన పూర్వులు చూచిరి. ఎటుపోవుచున్నవో కూడ ఎట్లో గ్రహించిరి. కవి బంగారు పూత పూసినాడు, లోపలి లోహము సత్యమే. ఆ పూతను గీకి చూపినందుకు స్వామివారిమీద కోపగించుకొనిన ఆస్తికులు కొందరైన ఉండియుందురనుకొందును. ఆ గ్రంథము చదివిన మొదటి రాత్రి నాకును మనసు చివుక్కుమన్నది.

కైలాసప్రాంతమున నాలుగు మహానదులు పుట్టుచున్నవి. టిబెట్టువారు బ్రహ్మపుత్రకు అశ్వముఖమనియు, శతద్రువునకు గజముఖమనియు, సింధువునకు సింహముఖమనియు, కర్ణాలికి మయూరముఖమనియు అర్థమిచ్చు పేర్లు పెట్టుకొనిరి. ఈ నదుల అసలు పుట్టుకచోట్లు ఏవియను విషయమున స్వామివారు హెడిన్ పండితునితో విభేదించిరి. పొడవు, నీటిపరిమాణములతోపాటు ఆ దేశపు ప్రజలలో తరతరములుగా వచ్చుచున్న సంప్రదాయమునకును విలువ ఈయవలెనని వారి వాదము. బ్రహ్మపుత్ర చెమాయుంగ్‌డుంగ్ హిమానినదమునుండి పుట్టుచున్నదని వారు నిరూపింపబూనిరి. 1939లో కలకత్తా విశ్వవిద్యాలయమువారు ఈ పరిశోధనను గ్రంథముగా ప్రకటించిరి. సర్వే ఆఫ్ ఇండియావారు తమ పటములలో వారి ఫలితములను చేర్చుకొనిరి. తామరలు లేవని చెప్పిన స్వామియే పశువులకాపరుల నోటిమాటకు శాస్త్రములో స్థానమిచ్చుట గమనింపదగినది.

కర్ణాలియనగా మనకు పరాయి నది కాదు. అది మానసప్రాంతపు మంచుకొండలయందు పుట్టి, నేపాళమును దాటి, మైదానమున ఘాఘరాయను పేరు పొంది, అయోధ్య చేరునప్పటికి సరయువగుచున్నది. విశ్వామిత్రుని వాక్యము ఇట్లు భూగోళమున కనబడుచున్నది. అయితే సరస్సునుండియే ఆ నది తిన్నగా వెలువడుచున్నదా? లేదు. మానసపు మిగులునీరు పోవునది పడమటనున్న రాక్షసతాలమునకే. ఈ రెండు మాటలలో ఒకదానిని దాచి మరియొకదానిని చెప్పుట నా చేత కాదు. నది పుట్టిన నేల అదియే, సరస్సు మాత్రము నదికి ముఖము కాదు. ఇంతవరకే చెప్పగలము.

1949లో వెలువడిన వారి కైలాస మానససరోవర గ్రంథమునకు ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ పీఠిక వ్రాసిరి. పండితులు దానిని నదీమూలముల చర్చకై చదువుదురు గాని, నా దృష్టిలో దాని ప్రాణము పట్టికలయందున్నది. ఏ మజిలీనుండి ఏ మజిలీకి ఎన్ని మైళ్లు, ఎచ్చట బస దొరకును, ఎచ్చట వంటచెఱకు దొరకదు, ఏ వాగు మధ్యాహ్నమునకు పొంగును, ఇవన్నియు లాహోరు లెక్కల కార్యాలయపు శ్రద్ధతో వ్రాసిరి. చదువువాడు ఒక వృద్ధురాలైన యాత్రికురాలు కావచ్చును, ఆమె ప్రాణము ఆ మైళ్ల లెక్కమీద ఆధారపడవచ్చునని ఎఱిగి వ్రాసిన పుస్తకము అది.

ఇతరుల లెక్కలు దిద్దిన ఆయన లెక్కను కాలము కూడ ఒకచోట దిద్దినది. 1950 ప్రాంతముల తరువాత, అరువదేండ్ల వయస్సు సమీపించినప్పుడు, గఢ్వాలు కొండలయందు సుమారు 16,000 అడుగుల ఎత్తుననున్న రూపకుండమునకు ఎక్కిరి. ఆ చిన్న మడుగు చుట్టును వందలకొలది మానవుల అస్థిపంజరములు పడియుండును. నందాదేవి యాత్రకు పరివారముతో బయలుదేరిన కనౌజు రాజు దైవాగ్రహమునకు గురియయ్యెనని అచ్చటి జనులు పాడుకొను కథనుబట్టి, అవి ఆ రాజు పరివారమువారి యెముకలేయని స్వామివారు విశ్వసించి వ్రాసిరి. 2019లో శాస్త్రజ్ఞులు 38 మంది యెముకలను పరిశీలించి, వారందరును ఒక్కనాడు మరణించినవారు కారనియు, భారతీయులైనవారు సుమారు క్రీ.శ. 800 ప్రాంతమువారనియు, వేరొక గుంపు వారు సుమారు 1800 ప్రాంతమున మరణించినవారై మధ్యధరాసముద్రతీరపు వంశములకు దగ్గరివారనియు ప్రకటించిరి. ఆ దూరదేశీయులు అచ్చటికి ఎందుకు వచ్చిరో ఎవరును చెప్పలేకున్నారు. స్వామివారు జీవించియున్నచో ఈ వార్త విని నొచ్చుకొనియుండరనియే నా నమ్మకము. మరల కఱ్ఱ చేతబట్టుకొని బయలుదేరియుందురు.

1962 తరువాత మానసమార్గము మన యాత్రికులకు మూతబడినది. ఏటేట పోవుటకు అలవాటుపడిన స్వామివారికి ఆ సరస్సు కేవలము మనస్సులోనిదే అయిపోయినది. బ్రహ్మదేవుని సృష్టికంటె వెనుకకు పోయినట్లు! ఆ యెడబాటును ఆయన ఎట్లు సహించిరో ఊహింపవలసినదే. 1976లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. 1981లో లిపులేఖ్ మార్గము యాత్రికులకు తిరిగి తెరువబడినది. అప్పటికి స్వామివారు ఎనుబదియైదేండ్ల వృద్ధులు. దారి తెరచుకొనుటను కనులార చూచి, 1989లో సిద్ధిపొందిరి. 2020లో మరల నిలిచిపోయిన ఆ యాత్ర 2025 వేసవిలో పునఃప్రారంభమైనది. నేడు పోవువారు చాల దూరము బండ్లమీదనే పోవుచున్నారు. ప్రదక్షిణమును కూడ బండిమీద చేయువారున్నారని విని కొంచెము బాధపడితిని.

నా మోకాళ్లు నన్ను ఇంటి అరుగు దిగనీయవు. పోయివచ్చిన బంధువు ఒకరు చిన్న రాగిచెంబునిండ తెచ్చియిచ్చిన నీటిని పూజామందిరమునందుంచితిని. ఉద్ధరిణెడు నోటిలో పోసికొనినప్పుడు తియ్యగనే యున్నది. సాయంకాలములందు వీథిలోని పిల్లలు నలుగురైదుగురు బాలకాండము చదువుకొనుటకు వచ్చుచున్నారు. గంగాతరణఘట్టము వచ్చినప్పుడు సరస్సు చుట్టుకొలత 54 మైళ్లని ముందుగనే చెప్పివేయుచున్నాను. పిమ్మట చారలతల బాతును గూర్చి చెప్పుదును. తామరల మాట వారిలో ఎవడో యొకడు తప్పక అడుగును. వాని కొఱకు స్వామివారి పుస్తకము అరుగుమీదనే సిద్ధముగా ఉంచుకొనుచున్నాను.